నైరుతి గండి

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక మా బజారుకి పని లేకుండా పోయింది. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది. వాళ్ళు ఉండిపోవాల్సిందని నేను అనడం లేదు. జెండా మారిన రోజున మా వీధిలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినదాన్ని నేనే. కానీ కడుపుకి జెండా తెలియదు. సుంకం లేని సరుకు కోసం చుట్టుపక్కల ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకుని, పడవలెక్కి వచ్చే జనం ఒక్కసారిగా ఆగిపోయారు. సీమ గుడ్డలు, సెంటు సీసాలు, గడియారాలు అమ్మిన కొట్లలో బొగ్గులూ చీపుళ్ళూ పెట్టారు. అవి కొనేవాళ్ళూ లేరు. పసిపిల్లల పెళ్ళిళ్ళు సరిహద్దు అవతల, ఇంగ్లీషువాళ్ళ చట్టంలో నేరం కాబట్టి వెనకటికి జనం మా ఊరు వచ్చి చేసుకుపోయేవాళ్ళు. ఆ పెళ్ళివారూ రావడం మానేశారు. మానేయడం మంచిదే. నా పెళ్ళీ అలాంటిదే, పన్నెండో ఏట మా నాన్న నన్ను పడవెక్కించి తీసుకొచ్చి ఇక్కడే తాళి కట్టించాడు. మంచిదే కానీ, మా అత్తయ్యగారి కాఫీ హోటలు నడిచింది ఆ పెళ్ళివారి ఫలహారాల మీదే.

హోటలంటే పెద్దదేం కాదు. బజారు వీధిలో పడమటి ముఖంగా ఉన్న పెంకుటిల్లు. ముందు గదిలో నాలుగు బల్లలు, వీధిలోకి కనిపించేలా పెసరట్ల పెనం, వెనక వంటగది, దాని పక్కనుంచి పెరట్లోకి సన్నటి నడవ. పెరట్లో ఈశాన్యం మూల నుయ్యి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళో మంచి నుయ్యి విలువ ఎంతో, ఉప్పునీళ్ళతో అన్నం వండుకున్నవాళ్ళని అడగాలి. మా మామయ్యగారు పెరట్లో మూడు చోట్ల తవ్విస్తే మూడు చోట్లా ఉప్పే పడిందట. నాలుగోసారి ఈ మూల తియ్యటి నీళ్ళు పడ్డాయి. మా కాఫీకి పేరు రావడానికి కారణం మెట్టకూరు నుంచి వచ్చే పాలేనని అందరూ అనుకునేవాళ్ళు. కాదు, ఆ నీళ్ళు. అత్తయ్యగారు చేద ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. దాహమని వచ్చినవాళ్ళకి తనే తోడి పైనుంచి దోసిట్లో పోసేవారు. నేను కూడా స్నానం చేసి మడిబట్ట కట్టుకుంటే తప్ప నూతి గట్టెక్కడానికి వీల్లేదు.

విలీనమైన తరవాత రెండో ఏడు పుష్యమాసంలో, ఒక్క గ్లాసు కాఫీ కూడా అమ్ముడుపోక మధ్యాహ్నానికి పాలు విరిగిపోయిన రోజున, ఆవిడ ఆ గిన్నె ముందు కూర్చుని తీరిగ్గా చెప్పారు.

"ఉగాది దాకా చూత్తానమ్మాయ్. అప్పటికీ ఇలాగే ఉంటే పొయ్యి ఆర్పేసి అమలాపురం ఎల్లిపోదాం. పెద్దాడు రమ్మని ఎప్పట్నించో అంటున్నాడు."

పెద్దాడంటే మా బావగారు. అమలాపురంలో బియ్యం మిల్లులో గుమాస్తా. మంచివాడు. మా తోడికోడలు కూడా చెడ్డదని చెప్పలేను. కానీ మామయ్యగారు చనిపోయిన ఏడు హోటలు మూసి మేమంతా అక్కడ ఎనిమిది నెలలు ఉన్నాం. ఆ ఎనిమిది నెలలూ నేను ఉప్పు కావలిస్తే ఉప్పు అడిగి తీసుకున్నాను. చింతపండు ఎంత వెయ్యాలో అడిగాను. చేసిన కూర బాగుంటే ఆవిడ చేసినట్టు, మాడితే నేను చేసినట్టు. ఇక్కడ పెనం ముందు నిలబడితే నేను ఒక మనిషిని. నా చేతి పెసరట్టు కోసం ఫరంపేట నుంచి నడిచి వచ్చేవాళ్ళు ఉండేవారు. అందుకని అత్తయ్యగారి మాట విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఉగాదికి ఇంకా రెండున్నర నెలలుంది. నేను వెళ్ళేది లేదని ఆ పూటే నిశ్చయించుకున్నాను. ఎలా వెళ్ళకుండా ఉండాలో మాత్రం తెలియలేదు.

అదే నెలలో బజారువాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. ఉన్ని బంతితో, అటు అయిదుగురు ఇటు అయిదుగురు నిలబడి ఆడే బ్యాడ్మింటన్ అంటే అప్పట్లో గోదావరి జిల్లాల్లో ఊరూరా పిచ్చి. మా ఆయనకీ ఆ పిచ్చి ఉంది. బంతి కనిపిస్తే ఆయనకి ఆకలి కనిపించదు. మా ఊరి జట్టులో వెనక వరస ఆటగాడు. ఎక్కడ పోటీలు జరిగినా ఆ ఊరికి తిరణాల వచ్చినట్టు జనం వస్తారని ఆయన చెప్పగా చెప్పగా, బట్టల కొట్టు ఆసామికి నచ్చింది. ఆయన్ని బజారంతా బాబాయిగారు అనేవాళ్ళు. కమిటీ అంటే పేరుకి తొమ్మిదిమంది, నిజానికి ఆయనొక్కడే.

బజారు వెనక, గోదావరి గట్టుకి ఇవతల, పాతకాలపు గిడ్డంగి ఒకటి ఉండేది. కప్పు కూలిపోయి నాలుగు గోడలే మిగిలాయి. ఆ గోడల మధ్య రాళ్ళూ తుప్పలూ తీసేసి ఆట స్థలం చేద్దామన్నారు. ఊరంతా పనిలోకి దిగింది. మేం ఆడవాళ్ళం ఎర్రమట్టి పరిచి, నీళ్ళు చల్లి, వారం రోజులు దిమ్మిసలతో కొట్టాం. జనం కూర్చోడానికి గ్యాలరీ కావాలి, చెక్క లేదు. అప్పుడు మూతపడ్డ కొట్లవాళ్ళు వాళ్ళ తలుపు చెక్కలు ఊడదీసి తెచ్చి ఇచ్చారు. నంబర్లు వేసి ఉన్న ఆ నిలువు చెక్కలు తాటి దూలాల మీద అడ్డంగా పడుకోబెడితే గ్యాలరీ మెట్లయ్యాయి. చూడటానికి ముచ్చటగా ఉండేది. ఇన్ని కొట్లు మూతపడ్డాయా అని ఒక పక్క గుండె జారిపోయేది కూడా.

గిడ్డంగికి ఉన్నది ఒక్కటే ద్వారం, తూర్పున, రేవు వైపు. పూర్వం సరుకు పడవల్లోంచి దిగేది కదా, అందుకు. బజారు వైపు ఇంకో గేటు పెడితే బాగుంటుందని మా ఆయన కమిటీలో అన్నారు. బజారు వైపంటే నైరుతి మూల. సిద్ధాంతిగారు ఆ మాట పూర్తికానివ్వలేదు. నైరుతిలో గుమ్మం పెట్టినవాడు బాగుపడ్డ దాఖలా లేదన్నారు. తూర్పు ద్వారం ఉండగా దరిద్రానికి దారి వెయ్యడం దేనికన్నారు. బాబాయిగారు, "ఉన్న దరిద్రం చాలదా మనకి" అన్నారు. అందరూ తలూపారు. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన ఈ సంగతి చెబితే నేనూ తలూపాను. దాచడం దేనికి. నైరుతి అంటే నాకూ భయమే. మా పుట్టింట్లో ఆ మూల చీపురు కూడా పెట్టనిచ్చేవాళ్ళు కాదు.

మాఘంలో మొదటి ఆదివారం పోటీలు మొదలయ్యాయి. ఉగాది ముందు ఆదివారం దాకా వారం వారం మ్యాచిలుంటాయని చాటింపు వేయించారు. ఆ రోజు నేను తెల్లవారుఝామునే లేచి రెండు కుంచాల పెసలు రుబ్బాను. అల్లం, పచ్చిమిర్చి తరిగి గిన్నెలకెత్తాను. బజారంతా పండగ కళ. గాజులవాడు వీధిలోకి బల్ల వేశాడు. సోడాలవాడు సీసాలు కడిగి వరసగా పేర్చాడు. మధ్యాహ్నం నుంచి రేవులో పడవ మీద పడవ. ఎదుర్లంక వైపు నుంచి, మురమళ్ళ నుంచి, లంకల్లోంచి జనం. గ్యాలరీ నిండిపోయింది, గోడల మీద కూడా ఎక్కారు. మా పెరట్లోకి కేకలు, ఈలలు వినపడుతున్నాయి. ఆ చప్పుడు వింటూ నేను పెనం కాల్చి, నూనె రాసి, నీళ్ళు చిలకరించి చూసుకుంటున్నాను.

పొద్దు వాలింది. కేకలు ఆగిపోయాయి. ఇప్పుడొస్తారు అనుకున్నాం. వీధిలో కొట్లవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఒక్కరు రాలేదు. కాసేపటికి రేవు వైపునుంచి పడవవాళ్ళ అరుపులు వినిపించాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తూర్పు ద్వారంలోంచి బయటపడి, చివరి పడవ పోతుందేమోనని పరిగెత్తి, ఎక్కి వెళ్ళిపోయారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, సరిగ్గా అలా ఉంది మా వాటం. పిండి మర్నాటికి పులిసిపోయింది. గేదెలకి పెట్టాం. ఒక గేదె అది కూడా ముట్టలేదు.

అత్తయ్యగారు మర్నాడే అమలాపురానికి ఉత్తరం రాయించారు.

రెండో ఆదివారం నేను పిండి రుబ్బలేదు. మ్యాచి చూడటానికి వెళ్ళాను. మ్యాచి చూశానని చెప్పలేను, మనుషుల కాళ్ళు చూశాను. ఆట అవగానే జనంతోపాటు ద్వారంలోంచి బయటికి వచ్చాను. ఎదురుగా రేవు, కనుచూపులో పడవ. బజారు ఎక్కడుందో కొత్తవాళ్ళకి తెలియనే తెలియదు. గోడ పొడుగునా నడిచి, మురుగు కాలవ మీద చెక్క దాటి, మళ్ళీ గోడ చుట్టూ తిరిగితే కానీ రాదు. పక్కన నడుస్తున్న ఒక పెద్దమనిషిని, "కాఫీ తాగి వెళ్ళచ్చు కదండీ, బజారు ఉందిక్కడ" అన్నాను.

"ఎక్కడండి?" అన్నాడాయన చుట్టూ చూసి. చెయ్యి చూపించాను. ఆయనకి గోడ కనిపించింది. "పడవ ఎల్లిపోద్దండి" అని నడక సాగించాడు.

ఇంటికి వచ్చి పెరట్లో నిలబడి చూశాను. గిడ్డంగి నైరుతి మూలా, మా పెరటి ఈశాన్యం మూలా ఒకటే గోడ పంచుకుంటున్నాయి. గోడకి అవతల గ్యాలరీ, ఇవతల మా నుయ్యి. నుయ్యి పక్కనుంచి నడవలోకి, నడవలోంచి ముందు గదిలోకి, గుమ్మం దిగితే బజారు నడిబొడ్డు. ఇరవై అడుగులు ఉంటుందేమో. వందలమంది జనానికీ మా పొయ్యికీ మధ్య జానెడు దళసరి ఇటుక గోడ. ఆ గోడని చూస్తుంటే నాకు ఎవరో మనిషి మీద వచ్చినట్టు కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే బాబాయిగారి కొట్టుకి వెళ్ళాను. అప్పట్లో మా ఇళ్ళ కోడళ్ళు కొట్టు గుమ్మం ఎక్కి మగవాళ్ళతో వాదన పెట్టుకునే అలవాటు లేదు. మా ఆయన్ని వెళ్ళమంటే, కమిటీ ఒకసారి కాదన్నాక మళ్ళీ ఎలా అడుగుతానన్నారు. జట్టులోంచి తీసేస్తారని ఆయన భయం. ఊళ్ళోంచే తీసేస్తున్నారని నా భయం.

"బాబాయిగారండి, వచ్చిన జనం మన మొహం చూడకుండా వెళ్ళిపోతున్నారండి."

"చూత్తానే ఉన్నాను గదమ్మా. ఏం చేత్తాం, మన రాత."

"రాత కాదండి, గోడ. మా పెరటి దగ్గర గోడ తీసేస్తే జనం మా హోటల్లోంచి నేరుగా బజార్లో దిగుతారు."

"అది నైరుతి తల్లీ."

"మీకు నైరుతండి. అదే మూల మా పెరటికి ఈశాన్యం. ఒకటే గోడ, అటునించి చూస్తే శని, ఇటునించి చూస్తే లక్ష్మి. మీరు అటునించి చూడ్డం మానేసి ఇటునించి చూడండి."

ఈ మాట నేను దారిలో ఆలోచించుకుని వెళ్ళింది కాదు. నోట్లోంచి వచ్చేశాక నాకే నిజంలా అనిపించింది. బాబాయిగారు పొడుం పట్టు పీల్చి, తుమ్మి, కండువాతో ముక్కు తుడుచుకున్నారు.

"దాన్ని మా గేటు అనకూడదు మరి. మీ పెరటి తలుపు అనాలి. తీసేది మీరే. రేపు ఏదన్నా కీడొత్తే అది మీ ఇంటికే గానీ గ్రౌండుకి గాదు."

"అలాగేనండి" అన్నాను. ఆ ఇల్లు ఎవరిదో, ఆ అలాగే అనాల్సింది ఎవరో నాకు బాగా తెలుసు. అయినా అన్నాను.

అత్తయ్యగారికి చెప్పినప్పుడు ఆవిడ చింతపండు పిక్క తీస్తున్నారు. వాస్తు సంగతి అడగనే లేదు.

"నూతి పక్కనించి ఊరూ వాడా నడుత్తుందా?"

"తడిక కడదామండి అత్తయ్యగారూ."

"తడికకి మనుషుల ఉమ్ములు ఆగుతాయా? దుమ్మాగుతుందా? ఎవడు బడితే వాడు చేద ముట్టుకుంటే ఆపుతావా నువ్వు?" పిక్క తీసి పక్కన పడేశారు. "మీ మావయ్య మూడు గోతులు తవ్వించి పూడ్చుకుని ఆ నాలుగోది సాధించాడు. నీళ్ళు పడ్డ రోజున నా చేతికి చేదిచ్చి, నువ్వే మొదట తోడు అన్నాడు. దాన్ని వీధి చేసెయ్యమంటావా?"

"నుయ్యి ఉండి హోటలు లేకపోతే ఏం చేసుకుంటామండి?"

"అమలాపురంలో కాలవ నీళ్ళున్నాయి. తాగుదాం."

"మీరు వెళ్ళండి. నేను రాను" అన్నాను. అత్తగారితో అలా మాట్లాడటం నా జన్మలో అదే మొదటిసారి. మా ఆయన తలొంచుకుని అన్నం కలుపుకుంటూ కూర్చున్నారు. కలిపినదే కలుపుతున్నారు.

ఆ వారమంతా మా ఇంట్లో మాటలు లేవు. శనివారం తెల్లగా తెల్లవారాక నేను గునపం తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. గానుగ సున్నంతో కట్టిన పాత గోడ. గునపం వేస్తే నిప్పురవ్వలు లేచాయి గానీ ఇటుక కదల్లేదు. అరగంటకి అరచేతులు బొబ్బలెక్కాయి. కొంగు చించి చేతులకి చుట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను. మొదటి ఇటుక ఊడి వచ్చేసరికి నాకు ఊపిరి అందలేదు, కానీ ఆగాలనిపించలేదు. ఒకటి వచ్చిందంటే మిగతావి రాక తప్పదు.

తల తిప్పి చూస్తే అత్తయ్యగారు నూతి ఒర మీద కూర్చుని ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. గునపం లాక్కుంటారేమో అనుకున్నాను. లాక్కుంటే ఇవ్వకూడదనుకున్నాను.

"కిందనించి కాదు" అన్నారు. "పైనించి ఊడదియ్యి. కింద తీత్తే మొత్తం నీ మీద పడుద్ది."

నేను ముక్కాలిపీట తెచ్చుకుని పైనుంచి తీయడం మొదలుపెట్టాను. కాసేపటికి మా ఆయన సిగ్గుపడి వచ్చి రెండో గునపం పట్టారు. మధ్యాహ్నానికి ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత గండి పడింది. దాంట్లోంచి గ్యాలరీ వెనక భాగం కనిపించింది. ఆ సాయంత్రం వెదురు బద్దలు తెచ్చి నూతి చుట్టూ తడిక కట్టింది అత్తయ్యగారే. నన్ను పట్టుకోమని కూడా అనలేదు. ముళ్ళు బిగిస్తూ, నాతో కాదు తడికతో చెబుతున్నట్టు, "నేను మాత్రం ఆ గండిలోంచి నడవను" అన్నారు.

మూడో ఆదివారం సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ చేతులు నొప్పెడతాయి. రెండు మ్యాచిల మధ్య విరామం ఇచ్చారు. అంతసేపు జనం ఊరికే కూర్చునేవాళ్ళు. ఆ రోజు మా ఆయన గండి దగ్గర నిలబడి, "బజారుకి ఇటండి, కాఫీ ఇటండి" అని కేకలు పెట్టారు. ముందు ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, అనుమానంగా, ఎవరింట్లోకో దూరుతున్నట్టు. వాళ్ళ వెనక పదిమంది. ఆ తరవాత లెక్క లేదు. నాలుగు బల్లలూ నిండాయి, నడవ నిండింది, నిలబడే తిన్నారు. పెనం మీద పెసరట్టు తిరగేసే లోపల ఆకు పట్టుకుని చేతులు చాచేవాళ్ళు. సగంమంది తినకుండా నా పక్కనుంచే బజార్లోకి దిగిపోయారు. వాళ్ళు గాజులు కొన్నారు, పొగాకు కొన్నారు, పలకలు కొన్నారు, బాబాయిగారి కొట్లో పంచెలు చింపించారు. సోడాలు అయిపోయాయి. సోడాలవాడు మా హోటలు గుమ్మం ముందుకొచ్చి, ఖాళీ సీసా ఎత్తి నాకు చూపించి వెళ్ళాడు. చివరి పడవ వెళ్ళిపోయినా ఎవరూ కంగారు పడలేదు. పడవవాళ్ళు ఇంకో రెండు తిప్పారు.

నాలుగో ఆదివారానికి మూతపడ్డ కొట్లు రెండు తెరుస్తామన్నారు. తెరవాలంటే తలుపు చెక్కలు కావాలి, అవి గ్యాలరీలో ఉన్నాయి. నంబర్లు చూసుకుని ఊడదీసుకుపోయారు. అయిదో ఆదివారానికి ఇంకో కొట్టు. గ్యాలరీ పళ్ళు ఊడిన నోరులా తయారైంది. కూర్చోడానికి చోటు లేదని జనం తిడుతుంటే బాబాయిగారు మురిసిపోయారు. నైరుతి మాట ఎత్తినవాడు లేడు. అడిగితే అది మా పెరటి తలుపని చెప్పేవారు. సిద్ధాంతిగారు కూడా ఆ తలుపులోంచే వచ్చి కాఫీ తాగివెళ్ళారు.

నూతి సంగతి కూడా చెప్పాలి. తడిక రెండో వారానికే ఒరిగింది. పిల్లలు ఎక్కి గెంతారు. ఒకరోజు చెమటతో తడిసిన ఆటగాడొకడు తడిక తొలగించి, ఎవరినీ అడగకుండా, తనే చేద వేసి తోడుకుని మొహం కడుక్కున్నాడు. ఆ నీళ్ళు మళ్ళీ నూతిలోకే కారాయి. అతని వెనక మరో అయిదుగురు. ఎవరు ఏ కులమో నాకు తెలియదు, అడగలేదు. అది నా మంచితనమని ఎవరూ అనుకోవద్దు. దాహం తీరినవాడు కూర్చుని పెసరట్టు తింటాడన్నదే ఆ క్షణాన నా బుర్రలో ఉంది. తరవాత్తరవాత, ఎవరికి వాళ్ళు తోడుకోవడమే సరైన పద్ధతి అనిపించింది. కానీ అప్పుడు కాదు. అప్పుడు నాకు కనిపించింది వంటగది గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యగారి మొహం. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు. నీళ్ళు రంగు మారాయి. కాఫీ రుచి మునుపటిలా లేదని పాతవాళ్ళు ఒకరిద్దరు అన్నారు. కొత్తవాళ్ళకి పాత రుచి తెలియదు కాబట్టి వాళ్ళు లొట్టలేసుకుంటూ తాగారు.

ఉగాది ముందు ఆదివారం ఆఖరి పోటీ. ఆ మధ్యాహ్నం బావగారు అమలాపురం నుంచి వచ్చారు. మమ్మల్ని తీసుకువెళ్ళడానికి ముందనుకున్న రోజు అదే. ఆయన పడవ దిగి, జనంతోపాటు గ్రౌండులోకి వచ్చి, గండిలోంచి మా పెరట్లో తేలారు. హోటలు నిండా మనుషులు. ఆయన బల్లల మధ్యనుంచి తోసుకుంటూ పెనం దగ్గరికి వచ్చారు.

"ఇంకేం కావాలి మరదలా" అన్నారు నవ్వుతూ. "మీరు రావక్కర్లేదు. నేనే ఇక్కడికొచ్చి గ్లాసులు కడుగుతాను."

నాకు అప్పుడు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. గెలిచాననుకున్నాను. అట్టు తిరగేస్తూ వెనక్కి తిరిగాను, అత్తయ్యగారు ఆ మాట విన్నారో లేదో చూద్దామని. ఆవిడ నడవలో నిలబడి ఉన్నారు. ఉతికిన చీర, చేతిలో బట్టల మూట. పక్కన ఇనప పెట్టె.

"పదరా" అన్నారు కొడుకుతో.

ఆయన అర్థంకాక నాకేసి చూశారు. నేను అట్లకాడ పట్టుకునే నడవ మొదట్లోకి వెళ్ళాను.

"అదేంటండి అత్తయ్యగారూ, ఉండిపోతున్నాం కదా. హోటలు నిలబడింది కదండి."

"నిలబడింది. చూశానుగదా."

"నూతికి గోడ కట్టిద్దాం. తలుపు పెట్టి తాళం వేద్దాం. మీరుండండి." ఎనిమిది నెలలు నేను అడిగి తీసుకున్న ఉప్పు ఇప్పుడు ఆవిడ ఎలా అడుగుతారు అన్నదే నా మనసులో మెదిలింది. "అక్కడ మీ పొయ్యి కాదండి అది."

"ఇదీ కాదమ్మాయ్ ఇంక" అన్నారు. కోపంగా అనలేదు. నా చేతిలోని అట్లకాడకేసి చూసి, "మాడుతుంది, చూసుకో" అన్నారు.

నిజంగానే మాడుతోంది. నేను పరిగెత్తాను. ఆ ఒక్క అట్టు మాడనిస్తే నా కొంప మునిగేది కాదు. కానీ చేతులు వాటంతటవే పెనం దగ్గరికి వెళ్ళిపోయాయి. ఎవరో ఇంకో రెండు అడిగారు. వేశాను.

బావగారు పెట్టె నెత్తినెత్తుకుని గండి వైపు చూపించారు. "ఇటునించి పోదామే అమ్మా, రేవు నాలుగంగల్లో ఉంది."

ఆవిడ వినిపించుకోలేదు. నా పక్కనుంచి, తినేవాళ్ళని తప్పుకోమంటూ ముందు గదిలోంచి నడిచి, గుమ్మం దిగి, బజారులోకి వెళ్ళారు. ఆ ఎండలో, తలమీదికి కొంగు లాక్కుని, వీధి ఈ చివరనుంచి ఆ చివరకి నడిచి, కాలవ దాటి, గోడ చుట్టూ తిరిగి రేవుకి వెళ్ళారు. నేను పెనం దగ్గరనుంచి కదల్లేదు. కదలాల్సింది.

వీధి పొడుగునా తెరిచి ఉన్న కొట్లవాళ్ళు ఆవిడని చూసి లేచి నిలబడ్డారట. బాబాయిగారు కొట్టు దిగి వచ్చి, "ఎక్కడికండి వదినగారూ, హోటలు వదిలేసి" అని అడిగారట. ఆయనే సాయంత్రం వచ్చి నాతో చెప్పారు.

"కోడలు నడుపుతుంది. నాకంటే గట్టిది" అన్నారట ఆవిడ.

నాతో ఆ మాట అనలేదు. అని ఉంటే పొయ్యి ఆర్పేసి రేవుకి పరిగెత్తేదాన్ని, ఆ గండి మళ్ళీ ఇటుకలతో పూడ్పించేదాన్ని అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పూడ్చేదాన్ని కాదు.